బార పొడవా, బారల వేగమా? ఒక ఈత సూత్రం పూర్వాపరాలు

ఈత కొలనుల దగ్గర ఒక వేదవాక్యం తరచు వినిపిస్తుంది. "తక్కువ బారలతో ఎక్కువ దూరం వెళ్ళాలి. బారలు లెక్కపెట్టుకో, తగ్గించుకో." ఎందుకు తగ్గించాలి అని అడిగితే ప్రపంచ చాంపియన్లు అలాగే ఈదుతారనీ, సైంటిస్టులు ఎప్పుడో తేల్చేశారనీ సమాధానం వస్తుంది. జ్యోతిషం గురించీ వాస్తు గురించీ ఎవరైనా ఇలా చెబితే "ఎవరు తేల్చారు, ఎలా తేల్చారు" అని అడగడం మనకు అలవాటు. ఈతకు మాత్రం మినహాయింపు ఎందుకు ఇవ్వాలి? అందుకని ఈ సూత్రం ఎక్కడ పుట్టిందో కొన్నాళ్ళు వెదికాను. దొరికిన కథ నేను అనుకున్నదానికంటే ఆసక్తికరంగా ఉంది. ఇందులో మోసగాళ్ళెవరూ లేరు. ఒక మంచి పరిశోధనను సగం చదివి మిగతా సగం వదిలేయడం ఉంది.

ముందు కాస్త లెక్క. ఫ్రీస్టైల్‌లో కుడిచేయి ఒకసారి, ఎడమచేయి ఒకసారి తిరిగితే ఒక చుట్టు అనుకుందాం. నిమిషానికి ఎన్ని చుట్లు అన్నది బారల వేగం. ఒక్కో చుట్టుకు ఎన్ని మీటర్లు ముందుకు పోయామన్నది బార పొడవు. రెంటినీ గుణిస్తే ఈత వేగం వస్తుంది. నిమిషానికి 40 చుట్లు, చుట్టుకు 2.4 మీటర్లు అయితే నిమిషానికి 96 మీటర్లు. 48 చుట్లు, 2 మీటర్లు అయినా 96 మీటర్లే. 60 చుట్లు, 1.6 మీటర్లు అయినా అంతే. తండ్రీ కూతురూ కలిసి బజారుకు నడుస్తుంటే తండ్రి రెండడుగులు వేసేలోపు కూతురు మూడడుగులు వేస్తుంది. ఇద్దరూ ఒకేసారి బజారు చేరతారు. కూతురి నడక తప్పని ఎవరూ అనరు.

అంటే ఈ గుణకారం ఏ జోడీ మంచిదో చెప్పదు. అది నీళ్ళను, శరీరాన్ని, అలసటను చూసి తేల్చుకోవలసిన విషయం. మరి చరిత్రలో దాన్ని ఎలా తేల్చారు? చాలాకాలం పాటు కంటికి ఎలా కనబడుతుందన్న దాన్ని బట్టి తేల్చారు.

1844లో లండన్‌లోని హై హోబోర్న్ స్నానశాలలో ఒక పోటీ జరిగింది. ఉత్తర అమెరికా నుంచి వచ్చిన ఇద్దరు ఒజిబ్వే తెగవారు ఈదారు. ఇంగ్లీషు పత్రికలు వాళ్ళ పేర్లను ఫ్లయింగ్ గల్, టొబాకో అని రాశాయి. ఫ్లయింగ్ గల్ 130 అడుగుల కొలనును 30 సెకన్లలో దాటి గెలిచాడు. సెకనుకు సుమారు 1.3 మీటర్లు. చేతులను నీటిపైకి ఎత్తి తిప్పుతూ, కాళ్ళతో నీటిని బాదుతూ ఈదారు. అప్పటి ఇంగ్లండులో మర్యాదస్తుల ఈత అంటే కప్ప ఈత, అంటే ఇప్పటి బ్రెస్ట్ స్ట్రోక్‌కు పూర్వరూపం. నీళ్ళు చిందకూడదు, తల పైకి ఉండాలి. కాబట్టి పత్రికలకు ఈ ఈత గాలిమర రెక్కలు తిరిగినట్టు, వికారంగా, యూరప్ పద్ధతికి పూర్తిగా విరుద్ధంగా కనిపించింది.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆ తర్వాత హెరాల్డ్ కెన్వర్తీ అనే ఇంగ్లీషు ఈతగాడు వాళ్ళతో పోటీపడి, కప్ప ఈతతోనే సులభంగా గెలిచాడు. కాబట్టి "మా ఈతే మేలు" అనడానికి లండన్ వాళ్ళ దగ్గర ఒక ఆధారం ఉన్నట్టే. కానీ అది ఎలాంటి ఆధారం? ఒక మనిషి, ఒక రోజు, ఒక కొలను. ప్రత్యర్థులు అప్పటికే తమలో తాము పోటీపడి ఉన్నారు. ఈ ఒక్క ఫలితం మీద చేతులెత్తి ఈదే పద్ధతి మొత్తాన్ని పక్కన పెట్టేశారు. ఒక జాతకం నిజమైందని జ్యోతిషం నిజమనడానికీ దీనికీ పెద్ద తేడా లేదు. ఇప్పుడు వంద మీటర్ల పోటీలో ఒక్కరు కూడా కప్ప ఈత ఈదరు, ఆ పేరుతోనే జరిగే పోటీలో తప్ప.

మళ్ళీ చేతులు నీటిపైకి రావడానికి దాదాపు ముప్ఫై ఏళ్ళు పట్టింది. జాన్ ట్రడ్జెన్ దక్షిణ అమెరికాలో నేర్చుకున్న పద్ధతిని 1873లో లండన్‌లో ఈది చూపించాడు. చేతులు పైనుంచి వస్తాయి, కాళ్ళు మాత్రం కత్తెరలా ఆడతాయి. 1900 ప్రాంతంలో సొలొమన్ దీవుల నుంచి సిడ్నీ వచ్చిన ఆలిక్ విక్హమ్ అనే కుర్రవాడు కాళ్ళను పైకీ కిందికీ ఆడిస్తూ ఈదితే చూసేవారు నోరు తెరిచారు. "ఆ పిల్లవాడు పాకుతున్నాడు చూడండి" అని ఒక కోచ్ అన్నాడనీ, క్రాల్ అనే పేరు అలా వచ్చిందనీ ఒక కథ ప్రచారంలో ఉంది. ఇలాంటి నామకరణ కథలు వినడానికి బాగుంటాయి, అంతకుమించి నేను వాటికి విలువ ఇవ్వను. విక్హమ్ కనిపెట్టాడనడం కూడా సరికాదు. అతని దీవుల్లో అది మామూలు ఈత. కావిల్ కుటుంబం దాన్ని పోటీల్లోకి తెచ్చి "ఆస్ట్రేలియన్ క్రాల్" అని పేరు తెచ్చింది. నేర్పినవారి పేరు పోయి నేర్చుకున్నవారి పేరు నిలవడం మనకూ కొత్త కాదు.

హవాయికి చెందిన డ్యూక్ కహనమోకు కథ ఇంకొంచెం నేర్పుతుంది. 1911లో హొనొలులు రేవులో అతను 100 గజాలను 55.4 సెకన్లలో ఈదాడు. అమెరికా అమెచ్యూర్ క్రీడా సంఘం ఆ రికార్డును ఒప్పుకోలేదు. సముద్రపు ప్రవాహం తోడయి ఉంటుందనీ, గడియారాలు సరైనవి కావనీ అనుమానించింది. ఇందులో జాతి అహంకారం పాలు ఎంతో కొంత ఉండవచ్చు. అయినా రేవులో కొలిచిన కాలాన్ని శంకించడం తప్పు కాదు. మనమైనా శంకిస్తాం. శంకకు విరుగుడు మళ్ళీ కొలవడం. 1912లో స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో అతను 100 మీటర్ల బంగారు పతకం గెలిచాడు, 1920లో ఆంట్వెర్ప్‌లో మళ్ళీ గెలిచాడు. శంక తీరిపోయింది.

ఇదంతా చూపుల చర్చ. కొలతల చర్చ యుద్ధం తర్వాత అమెరికా విశ్వవిద్యాలయాల్లో బలపడింది. ఇండియానా విశ్వవిద్యాలయంలో కోచ్ జేమ్స్ కౌన్సిల్మన్ నీటి అడుగున కెమెరాలు పెట్టి, 1968లో ఈత శాస్త్రం మీద పెద్ద పుస్తకం రాశాడు. చేయి నీటిలో వంకరటింకరగా పోతుంది కాబట్టి అది విమానం రెక్కలా పనిచేస్తుందని 1971లో ప్రతిపాదించాడు. దశాబ్దాల పాటు పిల్లలకు ఎస్ ఆకారంలో చేయి లాగమని నేర్పారు. తర్వాతి కొలతలు, కంప్యూటర్ లెక్కలు నీటిని వెనక్కి నెట్టడానిదే పెద్ద పాత్ర అన్న వైపు మొగ్గాయి. అది వేరే కథ. చాంపియన్ ఎలా చేస్తున్నాడో చూసి, అందరూ అలా చేయాలని చెప్పే అలవాటు అప్పటికే స్థిరపడిందని గుర్తుంచుకుంటే చాలు.

ఇక అసలు ఘట్టానికి వద్దాం. న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ క్రెయిగ్ అనే శరీరధర్మ శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. ఈతకు ముందు గబగబా ఊపిరి తీసి, శ్వాస బిగబట్టి నీటి అడుగున ఈదేవాళ్ళు ఎలా స్పృహ తప్పిపోతారో 1961లోనే వివరించినవాడు. (ప్రాణాయామంతో నీటి అడుగున అద్భుతాలు చేయవచ్చని చెప్పేవారికి ఆ పరిశోధన చూపించాలి.) క్రెయిగ్, బఫెలోకు చెందిన డేవిడ్ పెండర్‌గాస్ట్ కలిసి 1979లో బారల వేగం, బార పొడవు, ఈత వేగాల సంబంధం మీద ఒక వ్యాసం ప్రచురించారు. 1976 అమెరికా ఒలింపిక్ ఎంపిక పోటీలలో ఈతగాళ్ళ బారలు కూడా లెక్కించారు.

వాళ్ళకు రెండు విషయాలు కనిపించాయి. వేర్వేరు ఈతగాళ్ళను పోల్చి చూస్తే, మేటి ఈతగాళ్ళ బార పొడవుగా ఉంది. కానీ ఒకే ఈతగాడు నెమ్మది నుంచి వేగానికి మారేటప్పుడు ఏం చేస్తాడని చూస్తే, అతను బారల వేగం పెంచుతున్నాడు, ఆ క్రమంలో బార పొడవు తగ్గుతోంది. ఒక హద్దు దాటాక బార మరీ కురచై, ఎంత చేతులు తిప్పినా వేగం పెరగదు.

ఈ రెండూ ఒకదానికొకటి విరుద్ధం కావు. రెండూ నిజమే. మనుషుల మధ్య ఉన్న తేడా ఒకటి, ఒక మనిషిలో వచ్చే మార్పు ఇంకొకటి. ఊళ్ళో పెద్ద ఇళ్ళున్నవాళ్ళు ధనవంతులు. అంతమాత్రాన అప్పుచేసి ఇల్లు పెద్దది చేసుకున్నవాడు ధనవంతుడైపోడు. పొడవైన చేతులు, నీటికి తక్కువ అడ్డుపడే శరీరం, ఏళ్ళ తరబడి సాధన, ఇవన్నీ ఉన్నవాడికి బార దానంతట అదే పొడవవుతుంది. బార పొడవు నైపుణ్యానికి లక్షణం. కారణం అదేనని ఆ లెక్కలు రుజువు చేయలేదు.

1985లో క్రెయిగ్ మరో ముగ్గురితో కలిసి రెండో వ్యాసం రాశాడు. 1984 ఎంపిక పోటీలను 1976 వాటితో పోల్చాడు. ఎనిమిదేళ్ళలో వేగాలు పెరిగాయి, చాలా పోటీల్లో ఆ పెరుగుదల బార పొడవు వల్లే వచ్చింది. లోకానికి గుర్తున్నది ఈ వాక్యం. అదే వ్యాసంలో ఇంకొకటి కూడా ఉంది. 200 మీటర్లు, అంతకు మించిన పోటీల్లో అలసట వచ్చేకొద్దీ అందరి బారా కురచవుతుంది. అప్పుడు మేటివాళ్ళు బారల వేగాన్ని నిలబెట్టి, లేదా పెంచి, ఆ నష్టాన్ని పూడ్చుకుంటారు. వెనకబడ్డవాళ్ళు అంతగా పూడ్చుకోలేరు. పోటీ చివర్లో గెలుపు ఓటములను విడదీసే ఈ విషయం మాత్రం కొలనుగట్టు దాకా రాలేదు.

ఎందుకు రాలేదు? ఆ వ్యాసంలో సహరచయిత బిల్ బూమర్, అదే రోచెస్టర్‌లో ఈత కోచ్. నీటిలో శరీరాన్ని సమతూకంగా, సన్నగా ఉంచడం మీద అతనికి మంచి ఆలోచనలు ఉన్నాయి. వాటి ప్రభావంతో టెర్రీ లాఫ్లిన్ "టోటల్ ఇమ్మర్షన్" అనే పద్ధతిని తయారుచేశాడు, 1996లో ఆ పేరుతో పుస్తకం వచ్చింది. నీళ్ళంటే భయపడే పెద్దవయసు వాళ్ళకు అది నిజంగా మేలు చేసింది. గుండె అదిరేలా చేతులు బాదుకుంటూ పాతిక మీటర్లకే ఆయాసపడేవాళ్ళు హాయిగా కిలోమీటరు ఈదగలిగారు. దాన్ని నేను తేలిక చేయను. కానీ నేర్చుకునేవాడికి పనికొచ్చిన సలహా పోటీపడేవాడికీ, పొడుగువాడికీ పొట్టివాడికీ, యాభై మీటర్లకూ సముద్రానికీ ఒకే శాసనంగా మారడం మొదలైంది.

అప్పుడే దానికి ఒక అవతారపురుషుడు కూడా దొరికాడు. రష్యాకు చెందిన అలెగ్జాండర్ పొపొవ్, దాదాపు రెండు మీటర్ల మనిషి. 1992 బార్సిలోనాలోనూ 1996 అట్లాంటాలోనూ 50, 100 మీటర్లు రెండూ గెలిచాడు. పక్క వరుసల్లో నీళ్ళు అల్లకల్లోలమవుతుంటే ఇతను తీరిగ్గా పొడవాటి బారలు వేస్తున్నట్టు కనిపించేవాడు. టీవీలో చూసినవాళ్ళకు వేరే రుజువు అక్కర్లేకపోయింది. అట్లాంటా వంద మీటర్లలో అతని కాలం 48.74, రెండో స్థానంలోని గ్యారీ హాల్ జూనియర్‌ది 48.81. సెకనులో వందో వంతులు ఏడు. ఆ ఏడు అటూఇటూ అయి ఉంటే ఆ రోజు ఏ సూత్రం పుట్టి ఉండేదో!

చోద్యమేమిటంటే ఎదురు ఉదాహరణ అప్పటికే రికార్డు పుస్తకాల్లో కూర్చుని ఉంది. జానెట్ ఎవాన్స్, అయిదున్నర అడుగులు మించని కాలిఫోర్నియా అమ్మాయి. చేతులు నిటారుగా గాలిమరలా తిప్పేది, బారలు కురచ, వేగం మాత్రం మిగతావాళ్ళు అందుకోలేనంత. 1988 సియోల్‌లో 17 ఏళ్ళ వయసులో మూడు బంగారు పతకాలు గెలిచింది. 400 మీటర్లలో ఆమె వెనక రెండో స్థానంలో నిలిచింది తూర్పు జర్మనీకి చెందిన హైకె ఫ్రీడ్రిష్. ఆ దేశం క్రీడాకారులకు ప్రభుత్వమే మందులు ఇప్పించిందన్న సంగతి గోడ కూలాక పత్రాలతో సహా బయటపడింది. అలాంటి కాలంలో ఎవాన్స్ 4 నిమిషాల 3.85 సెకన్లలో ఈదింది. నిమిషానికి 98 మీటర్ల పైచిలుకు. ఆ రికార్డు 2006 దాకా, 1989లో 800 మీటర్లలో పెట్టిన 8:16.22 రికార్డు 2008 దాకా నిలిచాయి. పొడవు బారలే మేలని ప్రచారం ముమ్మరంగా సాగిన రోజులన్నింటా మహిళల దూరపు ఈత రికార్డులు కురచ బారల పేరు మీదే ఉన్నాయి. అడిగితే "ఆమె మినహాయింపు" అనేవారు. స్వామీజీ జోస్యం తప్పినప్పుడు భక్తులు చెప్పే మాటే ఇది. దాదాపు ఇరవై ఏళ్ళపాటు నిలిచిన ఫలితాన్ని మినహాయింపు అనాలంటే, నియమానికి దానికంటే బలమైన ఆధారం ఉండాలి.

భౌతికశాస్త్రం ఏమంటుంది? నీటి నిరోధం వేగపు వర్గంతో, దాన్ని ఎదుర్కోవడానికి కావలసిన శక్తి వేగపు ఘనంతో, స్థూలంగా పెరుగుతాయి. చేయి ముందుకు చాచి జారుతూ ఉంటే వేగం పడిపోతుంది, మళ్ళీ లాగి పెంచుకోవాలి. ఒకడు సెకనుకు 1.5 మీటర్ల చొప్పున నిలకడగా పోయాడనుకోండి, ఘనం 3.375. ఇంకొకడు సగం సేపు 2 మీటర్లు, సగం సేపు 1 మీటరు వేగంతో పోయాడు. సగటు వేగం అదే 1.5. ఘనాల సగటు మాత్రం 4.5. అంటే అదే దూరానికి మూడో వంతు ఎక్కువ శ్రమ. నిజమైన ఈతలో ఇంత ఒడిదుడుకులు ఉండవు, లెక్క అర్థం కావడానికి పెద్దది చేసి చెప్పాను. అతిగా జారడానికీ ధర ఉందన్నది విషయం. అతిగా తిప్పడానికీ ధర ఉంది, చేతికి నీటి పట్టు దొరకదు, గాలి తిప్పినట్టే. ఫ్రాన్స్‌లో డిడియే షోలే బృందం 2000లో రెండు చేతుల మధ్య సమన్వయాన్ని కొలిచే పద్ధతి ప్రచురించింది. నెమ్మది ఈతలో ఒక చేయి లాగడం ముగిశాక రెండోది మొదలయ్యేలోపు ఖాళీ ఉంటుంది. వేగం పెరిగేకొద్దీ మేటి ఈతగాళ్ళు ఆ ఖాళీని తగ్గించేస్తారు. అంటే ఒకే మనిషికి కూడా ఒకే బార లేదు.

పొపొవ్‌కు శిక్షణ ఇచ్చిన గెన్నాది తురెత్స్కీ ఆస్ట్రేలియాలో మైఖేల్ క్లిమ్‌కు కూడా కోచ్. పొపొవ్ 1994లో పెట్టిన 48.21 రికార్డును 2000 సిడ్నీ ఒలింపిక్స్ రిలే మొదటి వంతులో క్లిమ్ 48.18తో చెరిపేశాడు. క్లిమ్ పేరు చెబితే ఈతవాళ్ళకు గుర్తొచ్చేది నిటారు చేతులతో తిప్పే ఈత. 1844లో లండన్ పత్రికలు వెక్కిరించిన గాలిమరే. గురువు మాత్రం ఇద్దరికీ ఒకే బార రుద్దలేదు. శిష్యుణ్ణి చూసి నేర్పాడు. గురువును దూరం నుంచి కొలిచినవాళ్ళే శాసనాలు రాశారు.

ఇదంతా పాత చరిత్ర కాదా అని మీరు అనవచ్చు. నేను వెళ్ళే కొలనులో పన్నెండేళ్ళ అమ్మాయి ఒకతె ఉంది, వయసుకు కూడా పొట్టి. 25 మీటర్లకు ఇరవై నాలుగు బారలు వేస్తుంది. "పద్దెనిమిదికి దించాలమ్మా" అని కోచ్ రోజూ చెబుతాడు. ఆ అమ్మాయి గోడను బలంగా తన్ని, చేయి చాచి, దాదాపు ఆగిపోయేదాకా జారుతుంది. ఈలోగా కాళ్ళు కిందికి దిగిపోతాయి. గట్టు మీద వాళ్ళ నాన్న లెక్కపెడుతూ ఉంటాడు. బారలు తగ్గుతున్నాయి. థర్మామీటరును చన్నీళ్ళలో ముంచితే పాదరసమూ తగ్గుతుంది. ఒకరోజు ఉండబట్టలేక "టైమెంత వస్తోంది సార్?" అని అడిగాను. "ముందు కౌంటు తగ్గనీయండి, టైము తర్వాత దానంతట అదే వస్తుంది" అన్నాడు. ముందు నమ్ము, ఫలితం తర్వాత చూద్దువు గాని! ఈ మాట నేను చాలాచోట్ల విన్నాను, ఈతకొలనులో వింటాననుకోలేదు.

వాళ్ళ నాన్న చేతి గడియారం ఇంకో అంకె చూపిస్తుంది. దాన్ని స్వాల్ఫ్ అంటారు. ఒక పొడవుకు పట్టిన సెకన్లు, వేసిన బారలు, రెండూ కలిపిన మొత్తం. తగ్గితే మెరుగుపడ్డట్టట. మామిడిపళ్ళనూ రూపాయలనూ కూడితే ఏమొస్తుందో నాకు తెలియదు. ఆ మొత్తం తక్కువ రావాలంటే పొడుగు చేతులతో పుట్టడం అన్నిటికంటే సులభమైన మార్గం.

పరీక్ష కష్టమేమీ కాదు. ఒకే రోజు, మధ్యలో బాగా విశ్రాంతి ఇస్తూ, యాభై మీటర్లు నాలుగుసార్లు ఈదించాలి. ప్రతిసారీ బారల వేగం వేరుగా ఉండాలి, టోపీలో పెట్టుకునే టిక్ టిక్ పరికరం ఉంటే ఇంకా మంచిది. బారలూ సెకన్లూ విడివిడిగా రాయాలి, కూడకూడదు. అలసిపోయిన తర్వాత ఇంకోసారి. వారాల తరబడి రాస్తే ఆ పిల్లకు ఏ వేగం దగ్గర ఏ పొడవు నప్పుతుందో కాగితం మీద కనిపిస్తుంది. కోచ్‌కు ఇది చెబితే మొదట నవ్వాడు. తర్వాత ఒక నోటుబుక్ తెచ్చాడు, ఆ మాటకు మెచ్చుకోవాలి. ఇప్పటికి అయిదు వారాల లెక్కలున్నాయి. ఆ అమ్మాయికి మంచి టైము బారలు అతి తక్కువ ఉన్న వరుసల్లో రాలేదు. అతి ఎక్కువ ఉన్న వరుసల్లోనూ రాలేదు. ఎక్కడ వస్తోందో గుర్తుపెట్టి ఆ వరుసల కింద ఆయన పెన్సిలుతో గీతలు గీస్తున్నాడు.